నాలుగో గది పెరిగింది

నాలుగో గదిలో పద్ధెనిమిది మీటర్ల ముప్ఫై సెంటీమీటర్ల కాగితం కనబడకుండా పోయింది.

తోరికా ఇనప అర పట్టుకుని మోకాళ్ల మీది నుంచి లేచింది. ఒక్కో మోకాలూ ఒక్కో చప్పుడు చేసింది. గదిని మూడుసార్లు కొలిచింది ఈ పూట. మూడుసార్లూ ఒకటే అంకె: నూట ఇరవై నాలుగు మీటర్ల నలభై. నిరుటి రిజిస్టరులో ఉన్నది నూట నలభై రెండు మీటర్ల డెబ్బై. కింద, నిరుడు కొలిచిన గోదాము మనిషి వెరెనికి సంతకం.

పాత కాగితాల భండారంలో దేన్నయినా పొడవుతోనే కొలుస్తారు. లెడ్జర్లూ కట్టలూ అరల్లో పక్కపక్కన నిలబెడితే ఈ చివర నుంచి ఆ చివరకు ఎంత వస్తే అంత. మొదటి రెండు గదుల్లో అన్నీ ఒకే కొలత అట్టపెట్టెలు కాబట్టి, పెట్టెలు లెక్కపెట్టి హెచ్చవేస్తే సరిపోతుంది. నాలుగో గదిలో పెట్టెల్లేవు. దీవుల మధ్య తిరిగిన పడవల రాకపోకలు, ఎగుమతైన ఎండుకొబ్బరి వివరాలు, జబ్బులొచ్చి రేవు బయట ఆపేసిన ఓడల చిట్టాలు, అన్నీ తాళ్లతో కట్టి పేర్చినవే. ఏ కట్టలో ఏముందో జాబితా లేదు. రాసేవాళ్లు ఎప్పుడూ దొరకలేదు. జాబితా లేని సరుకుకు కొలతే జాబితా.

గదిలో చూస్తే ఎక్కడా ఖాళీ లేదు. అరలన్నీ ఎప్పటిలాగే నిండుగా ఉన్నాయి. బాగుచేసి తెచ్చిపెట్టినవి తప్ప, కట్టల మీద ధూళి కూడా దుప్పటిలా ఎక్కడిదక్కడే ఉంది. కానీ మీటరు లెడ్జర్లు యాభై కిలోలు తూగుతాయి. పద్ధెనిమిది మీటర్లంటే టన్నుకు కాస్త తక్కువ. టన్ను కాగితం గాలికి ఎగిరిపోదు.

ఆమె తుమ్మింది. పదకొండు రోజులుగా తుమ్ముతూనే ఉంది. గుట్ట మీద కొత్త భవనం కట్టిస్తామని పరదేశపు సంస్థ ఒకటి ముందుకొచ్చింది. ఎన్ని మీటర్ల అరలు కావాలో శుక్రవారం కల్లా పంపమంది. రేవు పక్కన వాలు బే అనేచోట ఉన్న ఈ గోదాము సముద్రానికి మరీ దగ్గర. తుఫాను వచ్చిన ప్రతిసారీ గడప దాకా నీళ్లొస్తాయి. అందుకని యాభై ఏడేళ్ల తోరికా చేతికి కొత్త టేపు ఇచ్చి మొత్తం భండారాన్ని కొలవమన్నారు.

ఆమె కాగితం తీసుకుని మెట్లెక్కింది. భండారం అధికారిణి పేరు కమలేష్ని, ముప్ఫై ఎనిమిదేళ్లది. కళ్ల కింద నలుపు మాత్రం తోరికాదంత పాతగా ఉంది.

"మళ్లీ కొలవండి ఆంటీ."

"మూడుసార్లు కొలిచానమ్మా. ఇంకోసారి వంగితే నన్ను కూడా అరలోనే పెట్టి కొలుచుకోవాలి మీరు."

కమలేష్ని నవ్వలేదు. "ఆ గది తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

"రెండే తాళాలు. ఒకటి వెరెనికిది. ఒకటి బిసేసర్ది."

ఆ రెండో పేరు నోరు దాటగానే తోరికాకు మాట వెనక్కి లాక్కోవాలనిపించింది. బిసేసర్ బైండింగు పనివాడు. చిరిగిన లెడ్జర్లకు జిగురు పూసి, బట్ట అతికి, మళ్లీ కుట్టేవాడు. నిరుడంతా నాలుగో గదిలోంచి వారానికి రెండు మూడు కట్టలు తోపుడుబండి మీద తన గదికి తీసుకుపోయి బాగుచేసి తెచ్చిపెట్టాడు.

"తెచ్చిపెట్టాడని ఎవరు చూశారు?" అంది కమలేష్ని.

"నేను చూశాను."

"అన్నీ?"

అన్నీ ఎవరు చూస్తారు?

మధ్యాహ్నం రెండింటికి బిసేసర్‌ను పిలిచి ఉత్తరం చేతికిచ్చారు. విచారణ తేలేదాకా పనిలోకి రానక్కర్లేదు. శుక్రవారం రిపోర్టుతో పాటు పోలీసులకు ఫిర్యాదు కూడా వెళుతుంది. అతను వేళ్లకు అంటిన జిగురు గోళ్లతో గీకుతూ తోరికా బల్ల దగ్గర ఆగాడు.

"దీదీ, నువ్వే కొలిచావంటగా."

"నేనే భయ్యా."

"నీ టేపు తప్పు చెప్పదు. నాకు తెలుసు." అతని గొంతులో ఎగతాళి లేదు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. "నా కుట్టుసూదులు తడి తగలకుండా చూడు. తుప్పు పడితే దారం తెంపేస్తాయి."

అతను గేటు దాటి వర్షంలోకి వెళ్లిపోయాడు.

*

వెరెనికి సరుకు దింపే వసారాలో చెక్కబల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఆ మనిషి తలుపులో నిలబడితే తలుపు కనబడేది కాదు. ఇప్పటికీ ఎత్తు తగ్గలేదు. తోరికా మేనమామల ఊరివాడు, కండావు దీవి. వరసకు బావ. ముప్ఫై ఏళ్లుగా వాళ్లిద్దరూ తిట్టుకోకుండా టీ తాగిన రోజు లేదు.

"రా మరదలా. కొత్త టేపు ఇచ్చారని ఊరంతా కొలుస్తున్నావట. నా నడుం కూడా కొలుస్తావా?"

"ఆ పనికి ఇంకో టేపు అతకాలి. జరుగు, ముసలి పీతా."

ఆమె కూర్చుంది. అతను తన కప్పు ఆమె వైపు తోశాడు. కర్రపెండలం ముక్క విరిచి ఇచ్చాడు. ఆమెకు తినబుద్ధి కాలేదు.

"బిసేసర్‌ను ఇంటికి పంపేశారు బావా."

"విన్నాను."

"నాలుగో గదిలో పద్ధెనిమిది మీటర్లు తక్కువొచ్చింది."

"అదీ విన్నాను."

"నిరుడు నువ్వు కొలిచావు. సరిగ్గానే కొలిచావా?"

వెరెనికి వర్షం వైపు చూశాడు. "సంతకం పెట్టాను కదా."

"అది కాదు నేనడిగింది."

"సరిగ్గానే కొలిచాను, తల్లీ. నన్నేంటి దొంగను అడిగినట్టు అడుగుతున్నావు? నీకంటే ముందు నుంచి ఉన్నాను ఈ గోదాములో. నువ్వొచ్చేనాటికి నీకు అరకీ అటకకీ తేడా తెలీదు."

"నీకిప్పటికీ తెలీదు" అంది ఆమె, అలవాటు మీద. అతను నవ్వాడు, అలవాటు మీద. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

*

మర్నాడు తోరికా పాత రిజిస్టర్లు దింపింది. నాలుగో గదివి తొమ్మిది, ఏడాదికొకటి. పై ఆఫీసుకు పంపేవి వాటి నకళ్లు. ఆఖరి పేజీ చివర 'మొత్తం' అని ఒక గడి, పక్కనే 'వృద్ధి' అని ఇంకో గడి ఉంటాయి. వృద్ధి గడిలో ఏదో ఒక అంకె ఉంటే పైవాళ్లు సంతోషిస్తారు. సున్నా ఉంటే ఎందుకని ఉత్తరం రాస్తారు. ఇన్నేళ్లలో ఆ గడిని అంతకు మించి ఎవరూ చదవలేదు.

మొదటి ఏడాది నూట ఇరవై నాలుగు మీటర్ల నలభై.

ఆమె కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. నిన్న టేపు చెప్పిన అంకే.

రెండో ఏడూ అదే, మూడో ఏడూ అదే. నాలుగో ఏడాది నూట ఇరవై ఆరు ముప్ఫై. తర్వాత నూట ఇరవై ఎనిమిది పది. తర్వాత నూట ముప్ఫై ఒకటి ఎనభై. అక్కడి నుంచి ఏటేటా పెరుగుతూ నిరుటికి నూట నలభై రెండు డెబ్బై.

తోరికా కుర్చీలో వెనక్కి వాలింది. నాలుగో గదిలోకి మొదటి ఏడాది తర్వాత కొత్తగా ఒక్క కట్ట కూడా రాలేదు. వచ్చే సరుకంతా తన బల్ల మీదుగానే వెళ్లాలి. ఏమీ రాని గది ఆరేళ్లలో పద్ధెనిమిది మీటర్లు పెరిగింది. తడికి కాగితం ఉబ్బుతుంది, నిజమే. కానీ ఇంత ఉబ్బితే అరలు పగలాలి.

ఆమె రిజిస్టర్లు మోసుకుని మళ్లీ మెట్లెక్కింది. ఈ వారం ఆ మెట్లు కూడా పెరిగినట్టున్నాయి.

కమలేష్ని అంకెలన్నీ చూసింది.

"అంటే ఏమీ పోలేదంటారు."

"పోలేదమ్మా. ఉన్నదెప్పుడూ నూట ఇరవై నాలుగే. తర్వాతి అంకెలే తప్పు."

"నేను నమ్ముతాను ఆంటీ. పోలీసులు నమ్మరు. పై ఆఫీసు నమ్మదు. ఆరేళ్లు సంతకం పెట్టిన అంకెలవి. ఎవరో సరుకు తెచ్చి దాచి, ఈ ఏడాది ఎత్తుకుపోయారని వాళ్లంటే మీ దగ్గర ఏం జవాబుంది?"

"ధూళి చూడండి. బిసేసర్ బాగుచేసినవి తప్ప ఒక్క కట్ట కదిలిన గుర్తు లేదు."

"ధూళిని రిపోర్టులో ఏ గడిలో రాయను?" కమలేష్ని కణతలు నొక్కుకుంది. "వెరెనికి గారిని నిన్న సాయంత్రం పిలిచి అడిగాను. టేపుతోనే కొలిచానన్నారు. అంకె సరైనదేనన్నారు. సంతకం పెట్టినవాళ్లు తమ అంకె తప్పని రాసిస్తే ఫిర్యాదు ఇక్కడే ఆపేస్తాను. లేదంటే శుక్రవారం పదింటికి నేను సంతకం పెట్టక తప్పదు. బిసేసర్ మీద నాకేం కోపం ఆంటీ? నా పెళ్లి ఫోటోల పుస్తకానికి అట్ట వేసింది ఆయనే."

తోరికా రిజిస్టర్లు కిందికి తెచ్చుకుంది. సాయంత్రం దాకా ఆ అంకెల్నే చూస్తూ కూర్చుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసింది. ఒకటీ తొంభై. తర్వాత ఒకటీ ఎనభై. తర్వాత మూడూ డెబ్బై, అంటే ఇంచుమించు దానికి రెట్టింపు. ఆ తర్వాతా అంతే. గది పెరిగినప్పుడల్లా ఒకటే ముక్క చొప్పున పెరిగింది. ఎవరో ఒకటే సైజు ముక్కలు తెచ్చి అతికినట్టు.

అది ఏ ముక్కో ఆమెకు అంతుపట్టలేదు. దీపాలు ఆర్పేసి బస్సెక్కింది.

*

బుధవారం వాన ముదిరింది. వసారా రేకు ఒకటి లేచిపోయి, కొత్త అట్టపెట్టెల మీద నీళ్లు పడుతున్నాయి. వెరెనికి టార్పాలిన్ తెచ్చి కప్పాడు. ఈ మూల నుంచి ఆ మూలకు తాడు కట్టాలి. తాడు చుట్ట కొత్తది, లావుపాటిది.

"ఎంత కావాలి?" అని అరిచింది తోరికా, టార్పాలిన్ అంచు తొక్కిపట్టి.

"ఎనిమిది బారలు!"

అతను తాడు కొస పట్టుకుని రెండు చేతులూ చాపాడు. ఒకటి. మళ్లీ చాపాడు. రెండు. చేతులు చాపినప్పుడల్లా పెదాలు కదులుతున్నాయి. దీవుల్లో పుట్టినవాళ్లందరూ తాడయినా చాపయినా బట్టయినా అలాగే కొలుస్తారు. తోరికా వాళ్ల అమ్మా అలాగే కొలిచేది. ఎనిమిది కాగానే అతను కత్తితో తాడు కోశాడు.

ఈ మూల ముడివేసి ఆ మూలకు లాగితే తాడు చాలలేదు. మనిషి పొడవంత తక్కువొచ్చింది.

"దుకాణంవాడు దొంగ తాడిచ్చాడు" అన్నాడు వెరెనికి.

"తాడులో దొంగతనమేంటి బావా? కోసింది నువ్వు."

"తడిసి ముడుచుకుంది మరి!"

"ఇప్పుడే కదా చుట్ట విప్పావు."

అతను ఇంకో ముక్క కొయ్యడానికి తాడు అందుకున్నాడు. మళ్లీ చేతులు చాపాడు. ఈసారి తోరికా తాడును చూడలేదు, అతన్నే చూసింది. కుడిచెయ్యి రెక్కలా బారుగా వెళ్లింది. ఎడమచెయ్యి భుజం దగ్గరే ఆగి, మోచెయ్యి వంగిపోయి, సగం దారిలో నిలిచిపోయింది. అతని మొహం మీద ఏదో మెరిసి మాయమైంది, పంటి కింద రాయి పడ్డట్టు.

టార్పాలిన్ అంచు ఆమె కాలి కిందనుంచి జారి ఎగిరింది. నీళ్లు మొహాన కొట్టాయి.

బార. మనిషి రెండు చేతులూ చాపితే ఒక బార. పాతకాలం మనుషుల లెక్కలో ఆరడుగులు. ఆరడుగులంటే మీటరూ ఎనభై మూడు.

ఆమె బల్ల దగ్గరికి వెళ్లి, తడిచేత్తోనే పెన్సిలు తీసుకుంది. నూట ఇరవై నాలుగు నలభైని మీటరూ ఎనభై మూడుతో భాగిస్తే అరవై ఎనిమిది. నూట నలభై రెండు డెబ్బైని భాగిస్తే డెబ్బై ఎనిమిది. చిల్లర మిగల్లేదు. టేపుతో కొలిచిన వాళ్లకు ఏటేటా చిల్లర లేకుండా రాదు.

పద్ధెనిమిది మీటర్లు పోలేదు. పది బారలు ఎక్కువ రాశాడు. గది పెరగలేదు, బార తగ్గింది.

తోరికాకు సంతోషం కలగలేదు. పదకొండు రోజుల అలసటంతా ఒక్కసారి భుజాల మీద కూర్చుంది. బయట వసారాలో వెరెనికి పళ్లతో ముడి బిగిస్తూ తాడును తిడుతున్నాడు.

*

గురువారం పొద్దున ఆమె అతన్ని నాలుగో గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"ఏంటి మరదలా, చాటుగా పిలిచావు? ఈ వయసులో మనకు చెడ్డపేరు వస్తే ఎవరూ నమ్మరు."

"చేతులు చాపు బావా."

"ఎందుకు?"

"చాపు."

ఆమె చేతిలో టేపు చూసి అతని నవ్వు ఆగిపోయింది. గదిలో ట్యూబులైటు చిన్నగా గీపెడుతోంది. అతను మెల్లగా చేతులు లేపాడు. ఆమె కుడి మధ్యవేలు కొస దగ్గర టేపు ఆనించి, ఛాతీ మీదుగా, ఎడమవేలు కొస దాకా లాగింది. అంకె చూసింది. పైకి చదవలేదు. అతనికి కనబడేలా తిప్పింది.

మీటరూ యాభై తొమ్మిది.

"దించెయ్యనా?" అన్నాడు వెరెనికి.

"దించు."

అతను ఎడమచెయ్యిని కుడిచేత్తో పట్టుకుని దించుకున్నాడు. "ఎప్పుడు కనిపెట్టావు?"

"నిన్న, తాడు దగ్గర."

"ఆ దరిద్రపు తాడు." అతను లెడ్జర్ల వరసకు ఆనుకున్నాడు. "ఏడాదీ రెండు నెలలు, తోరికా. అంతే మిగిలింది నా సర్వీసు."

అతను ఆమెను పేరుపెట్టి పిలవడం ముప్ఫై ఏళ్లలో అదే మొదటిసారి. ఆమె టేపు చుట్టింది.

"బిసేసర్‌కు ఇంకా పదహారేళ్ల సర్వీసుంది" అంది. "రేపు పదింటికి ఫిర్యాదు వెళుతుంది."

"నువ్వు చెప్పేస్తావా మేడమ్‌కి?"

"చెప్పొచ్చు. ఈ చెయ్యి కొలతా చూపించొచ్చు. భుజం నిన్నో మొన్నో పట్టేసిందని నువ్వంటే అయిపోయింది. ఆరేళ్ల సంతకాలు నీవి. నీ నోటితో వస్తేనే పనికొస్తుంది. పైగా నేను చెప్పను బావా. సోమవారం ఒక మనిషి పేరు చెప్పి వాణ్ని వీధిలో పడేశాను. ఈ వారానికి నా నోరు చాలు."

ఆమె తలుపు తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజంతా పెట్టెలు లెక్కపెట్టింది. రెండుసార్లు లెక్క తప్పింది. మధ్యాహ్నం టీకి వసారాలోకి వెళ్తే అతను లేడు. సెలవుచీటీ పెట్టి పన్నెండింటికే వెళ్లిపోయాడన్నారు. తోరికా ఒక్కతే కూర్చుని చల్లారిన టీ తాగింది. శుక్రవారం ఏమవుతుందో ఊహించుకునే ఓపిక కూడా లేకపోయింది.

నాలుగున్నరకు గేటు బయట అతను నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నల్ల లుంగీ. చంకలో పాత న్యూస్‌పేపరు చుట్టిన పొడవాటి కట్ట. విప్పకుండానే ఆమెకు తెలిసింది, యంగోనా మొక్క ఎండు వేళ్లు. చావింటికైనా, ఒక మనిషి ఇంకో మనిషి ముందు తలొంచుకోవడానికైనా వెళ్లేటప్పుడు దీవులవాళ్లు పట్టుకెళ్లేది అదే.

"నసీను వెళ్లే బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

"ఇప్పుడొకటి వస్తుంది. నీ తరఫున మాట్లాడేవాళ్లేరి? మీ అన్న కొడుకును పిలవలేదా?"

"లేదు."

"అలా ఒంటరిగా వెళ్లకూడదు కదా బావా. మనవాళ్లు వింటే నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వొస్తావా, రావా?"

*

నసీనులో బిసేసర్ ఇల్లు చెరకు మార్కెట్టు వెనకవీధిలో. రేకుల కప్పు, పచ్చరంగు వేసిన వసారా. బిసేసర్ వసారాలోనే ఉన్నాడు. వాళ్లావిడ ఫూల్‌మతి చిరిగిన స్కూలు పుస్తకాలు ఇరుగుపొరుగుల దగ్గర పోగుచేసి తెచ్చినట్టుంది. అతను వాటికి అట్టలు కుడుతున్నాడు. చేతులు ఖాళీగా ఉండలేవు.

"రా దీదీ" అన్నాడు. వెరెనికిని చూశాడు. చంకలోని కట్టను చూశాడు. నలభై నాలుగేళ్లు ఈ ఊళ్లో బతికిన మనిషికి అదేమిటో చెప్పనక్కర్లేదు. సూది పక్కన పెట్టాడు. "ఇదెందుకు అన్నా? ఎవరు పోయారు?"

ఫూల్‌మతి టీ పెట్టడానికని లేచి, మళ్లీ ఆగి, తలుపు దగ్గరే నిలబడిపోయింది.

వెరెనికి చెప్పులు విడిచాడు. వసారా సిమెంటు మీద పాదాలు మడిచి కూర్చోవడానికి అతనికి చాలాసేపు పట్టింది. తోరికా సాయం పట్టబోతే వద్దన్నట్టు తల ఊపాడు. వేళ్ల కట్టను ముందుకు తోసి, తలొంచి, నేలను చూస్తూ మొదలుపెట్టాడు.

"బిసేసర్, నా తరఫున మాట్లాడడానికి ఎవర్నీ తేలేదు. తేవాలి. కానీ వేరేవాడు చెబితే అందంగా చెబుతాడు, తప్పు సగమైపోతుంది. అందుకని నేనే చెబుతున్నాను. మధ్యలో ఆపకు. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేను.

నాలుగో గదిలో ఏమీ పోలేదు. నువ్వేమీ తియ్యలేదు. అంకె నాది. నా టేపు ఉప్పుగాలికి తుప్పు పట్టి తెగిపోయింది. కొత్తది పంపమని రెండుసార్లు రాశాను. రాలేదు. మూడోసారి రాయడానికి బద్ధకమేసి, మా నాన్న పడవ తాళ్లు కొలిచినట్టు బారలు పెట్టి కొలిచేశాను. నా బార సరిగ్గా ఆరడుగులుండేది. టేపుకూ నాకూ వేలెడు తేడా వచ్చేది కాదు. ఆ తర్వాత నిచ్చెన మీంచి పడ్డాను. ఎవరూ లేనప్పుడు పడ్డాను. లేచి దులుపుకున్నాను. ఆస్పత్రికి పోలేదు. పోతే వాళ్లొక కాగితం రాస్తారు, అది ఆఫీసుకొస్తుంది. చెయ్యి లేవనివాణ్ని గోదాములో ఉంచరు. ఉద్యోగం పోతే ఆ ఉద్యోగంతో ఇచ్చిన ఇల్లూ పోతుంది. ఇంట్లో ఏడుగురం ఉన్నాం.

ఆ ఏడు ఒక బార ఎక్కువొచ్చింది. లెక్క తప్పాననుకున్నాను. పై ఏడు ఇంకొకటి. అప్పుడు అర్థమైంది. భుజం ఏటేటా బిగుసుకుపోతోంది. కాగితం పెరగదని నాకు తెలుసు బిసేసర్, నేనేం పిచ్చివాణ్ని కాను. మొదటి ఏటి అంకెనే మళ్లీ రాసేద్దామనుకున్నాను. కానీ వృద్ధి అని ఒక గడి ఉంది. అందులో అంకె వేస్తే పైవాళ్లు ఏమీ అడగట్లేదు. అడగకపోతే చాలు అనుకున్నాను. అలా ఆరేళ్లు వేశాను.

అదంతా నా చేతికి సంబంధించింది. దానికి నేను సిగ్గుపడను, ముసలాణ్నయ్యాను, అంతే. సిగ్గుపడేది వేరే ఉంది. సోమవారం వాళ్లు నీకు ఉత్తరం ఇచ్చినప్పుడు నేను మెట్ల కిందే ఉన్నాను. అంతా విన్నాను. ఒక్క మాట చాలు, 'అది నా లెక్క' అంటే నువ్వు వెనక్కి నీ గదిలోకి వెళ్లేవాడివి. అనలేదు. సాయంత్రం మేడమ్ పిలిచి అడిగినా టేపుతోనే కొలిచానన్నాను. ఏమీ దొరక్క రెండు రోజుల్లో వాళ్లే నిన్ను పిలుస్తారులే అని నాకు నేను చెప్పుకున్నాను. మంగళవారం చెప్పుకున్నాను. బుధవారం చెప్పుకున్నాను. ఇవాళ తోరికా నా చేతులు కొలవకపోతే రేపు కూడా చెప్పుకునేవాణ్నేమో. నీకు అబద్ధం చెప్పను, చెప్పుకునేవాణ్నే.

రేపు పొద్దున ఎనిమిదింటికి మేడమ్ దగ్గర ఇవే మాటలు రాసి సంతకం పెడతాను. ఉద్యోగం ఉంచుతారో తీస్తారో వాళ్లిష్టం. ఈ వేళ్లు తీసుకుంటావో వీధిలో పారేస్తావో నీ ఇష్టం. కానీ నువ్వు దొంగవని నాలుగు రోజులు ఊరు అనుకుంది. అలా అనుకోనిచ్చింది నేను. తెలిసే చేశాను."